సగౌరవ ఎగతాళి

రెల్లులంక ఆడవాళ్ళు పెళ్ళి బంతిలో వియ్యాలవారిని తిట్టినట్టు గోదావరి లంకల్లో ఇంకెవరూ తిట్టలేరని పేరు. తిట్టడమంటే నోటికొచ్చింది అనెయ్యడం కాదు. దానికో రాగం ఉంది, తాళం ఉంది, వేళ ఉంది. మగపెళ్ళివారు విస్తళ్ళ ముందు కూర్చుని మొదటి ముద్ద కలుపుతున్నప్పుడు ఆడపెళ్ళివారి ఆడవాళ్ళు గుంపుగా వచ్చి నిలబడి, వియ్యపురాలి నడక మొదలు వియ్యంకుడి మీసం దాకా దేన్నీ వదలకుండా పాడతారు. అవతలివాళ్ళు పైకి మూతులు ముడుచుకుని, లోపల పొంగిపోతూ, ఇంకో గారె వేయించుకుంటారు. అలా పాడి కలుపుకున్నాకే రెండిళ్ళవాళ్ళూ చుట్టాలైనట్టు లెక్క.

ఈ పాటలకి నాయకురాలు గంగాభవాని. పగలంతా జాకెట్లు కుట్టేది, సాయంత్రం ఇంటి అరుగు మీద పదిమంది ఆడవాళ్ళని పోగేసి పాడేది. ఆవిడ మేనకోడలు లోవకుమారి. ఇరవయ్యొక్కేళ్ళ పిల్ల, డిగ్రీ అయిపోయింది. గొంతు మేనత్త నుంచి వచ్చింది గానీ నోరు మాత్రం పూర్తిగా తన సొంతం. ఎదుటి మనిషిని ఒక్కసారి పైనుంచి కిందిదాకా చూసిందంటే విస్తట్లో ఉప్పు వడ్డించేలోపు చరణం తయారయ్యేది.

ఇలా హాయిగా సాగిపోతున్న పాటలు అంతరించిపోతున్నాయని రాజధానిలో ఎవరికో తెలిసింది.

వెంటనే జానపద గాన పునరుజ్జీవన సంస్థ పుట్టింది. ఊరూరా గాన సంఘాలు పెట్టి, పాతపాటల్ని పడుచుగొంతుల్లో పోసి బతికించడం దాని ఆశయం. రెల్లులంకలో సంఘం పెట్టడానికి సంస్థ పెద్దగా చెమటోడ్చలేదు. అరుగు మీద కూర్చున్న పదిమందికీ ఒక బ్యానరు ఇచ్చి ఇకనుంచి మీరే సంఘం అన్నారు. బ్యానరు మీద కోకిల బొమ్మ వేయించారు. చూసినవాళ్ళందరూ కాకి అన్నారు.

ఆ బ్యానరు పట్టుకొచ్చిన పెద్దమనిషి సదాశివమూర్తిగారు, సంస్థకి ప్రాంతీయ గాన పర్యవేక్షకులు. యాభై దాటినాయన. పంటు మీద ఏరు దాటి, ఇసకలో నడిచొచ్చినా చొక్కా మడత నలిగేది కాదు. మనిషి మంచివాడే. కాకపోతే మాట్లాడితే ఉత్తర్వు చదువుతున్నట్టు ఉండేది. మంచినీళ్ళు కావలసి వచ్చినా "ప్రస్తుత దాహ పరిస్థితుల దృష్ట్యా" అని మొదలెట్టేవారు. ఆయన వాక్యం పూర్తిచేసేలోపు గంగాభవాని రెండో గ్లాసు కూడా ముంచుకొచ్చేది.

మొదట్లో అంతా బాగానే జరిగింది. బెజవాడలో జరగబోయే రాష్ట్ర యువ గానోత్సవానికి లోవకుమారిని ఎంపిక చేశామని సంస్థ కబురంపింది. లోవ కాలు నేల మీద ఆన్లేదు. ఇన్ని పెళ్ళిళ్ళలో పాడింది గానీ ఆ పాడేది ఫలానా పిల్ల అని ఎవరూ మైకులో చెప్పిన పాపాన పోలేదు. బెజవాడలో వేలమంది ముందు తన పేరు పిలుస్తారు. ఆ మాట పంటు మీద ఎక్కిన ప్రతివాళ్ళకీ చెప్పింది. పంటు నడిపేవాడికైతే ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ చెప్పింది.

ఉత్సవానికి ముందు జిల్లా కేంద్రంలో పాటల పరిశీలన పెట్టారు. వేదిక మీద సంస్థ సంచాలకులవారు, ఆయనకి అటూ ఇటూ నిపుణుల సంఘం సభ్యులు కూర్చున్నారు. లోవ గొంతు సవరించుకుని ఎత్తుకుంది.

*వియ్యపురాలొచ్చింది ఏరు దాటి — దాని*
*నోరు ముందొచ్చింది పంటు దాటి*

సంచాలకులు చెయ్యెత్తి ఆపారు.

"ఈ పాటలో పేర్కొనబడిన వియ్యపురాలు ఎవరు?"

"ఎవరో ఒకరండి. ఎవరి పెళ్ళయితే ఆళ్ళండి," అంది లోవ.

"ఆమె నోరు ఆమె కంటే ముందుగా ఏరు దాటినట్లు ఆరోపణ ఉన్నది. ఇందుకు ఆధారం?"

లోవ మేనత్త వైపు చూసింది. గంగాభవాని క్షణం ఆలోచించి, "ఆ నోరేనండి ఆధారం," అంది.

నిపుణులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అప్పుడే ఒక సంగతి వాళ్ళ బుర్రలకి తట్టింది. వియ్యపురాళ్ళు సమాజంలో పెద్ద వర్గం. ఆ వర్గాన్ని తరతరాలుగా, రాగయుక్తంగా, అందునా అన్నం తినే సమయంలో కించపరుస్తూ వచ్చారు. ఈ అన్యాయాన్ని ఇన్నాళ్ళూ ఎవరూ గుర్తించలేదు. పాటని బతికించవలసిందే, అయితే అందులో తిట్టుని తొలగించాలి అని సంచాలకులు తేల్చారు. నిపుణులు నడుం బిగించి తిట్లన్నీ తీసేశారు. చివరికి పాటలో "ఓలమ్మ" అనే పల్లవి ఒక్కటి మిగిలింది. అందులోనూ ఎకసెక్కం వినపడుతోందని ఒక సభ్యుడు అసమ్మతి తెలిపాడు.

"ఓలమ్మ" ఒక్కటే పెట్టుకుని ఉత్సవం జరపడం కష్టం కనక, సంస్థ బాగా ఆలోచించి సగౌరవ ఎగతాళి విధానాన్ని ప్రకటించింది. దాని ప్రకారం వియ్యపురాలు ముందుగా అంగీకరిస్తే, అంగీకరించినంత మేరకు ఎగతాళి చేయవచ్చు. అంగీకారం లేకపోతే ఎగతాళి స్థానంలో ప్రశంస వాడాలి. ఈ విధానం దాటిన సంఘానికి గుర్తింపు పోతుంది, ఆ సంఘం గాయనికి ఉత్సవంలో చోటు పోతుంది.

సరిగ్గా అప్పుడే లోవ అక్క వీరవేణికి సంబంధం కుదిరింది. ఏటికి అవతల ఊరు. పెళ్ళికొడుకు త్రిమూర్తులు అరటి తోటలవాడు, నిదానస్తుడు. వాళ్ళమ్మ అచ్చియ్యమ్మ మాత్రం నలుగురిలో గొంతున్న మనిషి. వీరవేణి నోట్లో నాలుక లేని పిల్ల. అలాంటి అక్క ఆ ఇంట్లో ఎలా నెగ్గుకొస్తుందోనని లోవకి లోపల బెంగగానే ఉండేది. పాటలతో ముందే కలిపేసుకుంటే ఆ నోరు అక్క మీదికి రాకుండా అక్క పక్షాన లేస్తుందని ఆమె ధైర్యం.

ఈ పెళ్ళి సంగతి తెలిసి సదాశివమూర్తిగారు రెక్కలు కట్టుకుని వాలారు. గుర్తింపు పొందిన సంఘంవారి సొంత ఇంటి పెళ్ళి. సగౌరవ ఎగతాళికి ఇంతకంటే మంచి ప్రయోగశాల దొరకదు. సంచాలకులవారు దీన్ని ఆదర్శ వివాహంగా ఎంపిక చేశారట. ముందుగా అంగీకార సేకరణ జరగాలి. ఆయన లోవని వెంటబెట్టుకుని పంటెక్కి ఏరు దాటారు.

అచ్చియ్యమ్మ పెరట్లో అరటి దూటలు తరుగుతోంది. సదాశివమూర్తిగారు నమస్కారం పెట్టి నిటారుగా నిలబడ్డారు.

"అమ్మా, తమ కుమారుని వివాహ సందర్భమున, భోజన సమయమందు, వధువు పక్షమువారు తమరిని పరిహసించుటకు ఒక ప్రతిపాదన కలదు. అట్టి పరిహాసమునకు తమరి అంగీకారమును కోరుచున్నాము."

అచ్చియ్యమ్మ కత్తి పక్కన పెట్టి లోవ వైపు తిరిగింది. "ఏటంటన్నారే ఈయన?"

"మిమ్మల్ని తిట్టొచ్చా అని అడుగుతున్నారండి, అత్తయ్యగారూ."

"అడిగి తిడతారేటే ఎక్కడైనా?" అంది అచ్చియ్యమ్మ. "మా పెద్దాడి పెళ్ళిలో నన్ను అడక్కండానే గంగడోలున్న గేదంటూ పాడేరు. ఆ కోడల్ని ఈరోజుకీ పల్లెత్తు మాటనలేదు నేను. ఇప్పుడు నేను సరే అన్నాననుకో, తిట్టించుకోడానికి మొహం వాచిపోయి ఉందంటారు. వద్దన్నాననుకో, వియ్యపురాలికి పొగరంటారు. అదేదో మీరే చూసుకోవాలి గానీ నన్నడిగితే నేనేం చెప్తాను?"

"తమరి మౌనమును అంగీకారముగా పరిగణించుటకు విధానము ఒప్పుకొనదు," అన్నారు సదాశివమూర్తిగారు.

"మౌనమేటండీ? ఇంతసేపూ మాటాడుతుంటే."

ఆవిడ మాట్లాడింది నిజమే గానీ అందులో అవునూ లేదు, కాదూ లేదు. అలాంటి సమాధానానికి విధానంలో చోటు లేదు. కనక అంగీకారం లభించనట్టు తీర్మానించి ఆయన తిరుగు పంటెక్కారు. అచ్చియ్యమ్మ రేవుదాకా వచ్చి, ఆయన చూడకుండా లోవ చెవిలో, "మా ఆడపడుచుని వదిలెయ్యకండే. అలకపోతుల సంఘంలో అదే పెద్ద," అని చెప్పి వెళ్ళింది.

లోవ ఆ మాట చెప్పబోతే సదాశివమూర్తిగారు వినలేదు. రహస్యంగా చెప్పిన అంగీకారం చెల్లదన్నారు.

మర్నాటి నుంచి అరుగు మీద శిక్షణ మొదలైంది. నిపుణులు రాసిపంపిన ప్రశంసా చరణాలు ఆయన చదివేవారు, ఆడవాళ్ళు పాడేవాళ్ళు. పాడుతూ పాడుతూ ఒకావిడ నిద్రపోయింది. మాటలు మారినా రాగం పాతదే కదా, రాగంలో ఎగతాళి ఉండిపోదా అని గంగాభవాని అడిగింది. రాగం విషయంలో సంస్థకి ఇంకా అభిప్రాయం ఏర్పడలేదని ఆయన నిజాయితీగా ఒప్పుకున్నారు.

"అత్తా, ఇది పాడితే ఆళ్ళు ఊరుకుంటారంటావా?" అని ఆయన వెళ్ళాక లోవ అడిగింది.

గంగాభవాని దారం పంటితో కొరికి, "ఏమోనే. నీ పేరు మైకులో వినాలని ఉంది నాకు. ఒక్క పూట ఓర్చుకుంటే సరిపోద్ది," అంది.

వీరవేణి కూడా అదే మాట అంది. "నా పెళ్ళికి నువ్వేం పాడినా నాకు బాగానే ఉంటుంది. నా మూలంగా నీ బెజవాడ పోకూడదే." ఆ పిల్ల ఎప్పుడూ అంతే, తన వంతు ముక్క కూడా చెల్లెలి విస్తట్లో వేసే రకం. ఆ మాటకి లోవకి ధైర్యం రాలేదు సరికదా, ఉన్న బెంగ ఇంకాస్త పెరిగింది.

పెళ్ళి ముహూర్తం పొద్దున్నే అయిపోయింది. మధ్యాహ్నం బంతి వేశారు. సదాశివమూర్తిగారికి వరస చివర్లో, అంతా కనపడేలా విస్తరి వేశారు. పందిట్లో కోకిల బ్యానరు కట్టారు. పెళ్ళికొడుకు మేనమామ దాన్ని చూసి, పెళ్ళిపందిట్లో కాకి ఏమిటని అడిగి, జవాబు రాకపోయేసరికి ఊరుకున్నాడు.

మగపెళ్ళివారు ఈ బంతికోసం బాగా తయారై వచ్చారు. రెల్లులంకవాళ్ళ పాటలంటే ఎలా ఉంటాయో అచ్చియ్యమ్మ పంటు మీద తనవాళ్ళందరికీ చెప్పుకుంటూ వచ్చింది. పాడేవాళ్ళకి వీలుగా ఉంటుందని, ఏనాడూ పెట్టని పెద్ద బేసరి ముక్కుకి తగిలించుకుంది. ఆవిడ భర్త ధర్మారావు మీసాలకి నూనె రాసి, కొనలు తిప్పి కూర్చున్నాడు. ఆడపడుచు నెత్తిన సగం తోటంత పూలు తురుముకుంది. విస్తళ్ళలో గారె, పులిహోర, అరటికాయ వేపుడు పడ్డాయి. అందరూ చేతులు కడుక్కుని, మొహాల్లో నవ్వు ఆపుకుంటూ గుమ్మంవైపు చూశారు.

గంగాభవాని తాళం వేసింది. లోవ ఎత్తుకుంది.

*వదినగారు విచ్చేసిరి వేళకు సరిగా — వారి*
*సహనగుణము ఎన్నదగును చాల మెండుగా*

బంతి ఘొల్లుమంది. ఇది మొదలు, అసలుది రెండో చరణంలో వస్తుందని అందరూ అనుకున్నారు. అచ్చియ్యమ్మ పక్కావిడని మోచేత్తో పొడిచి, "చూడు, ఎలా ఊరిస్తందో," అంది.

*వియ్యంకులు మితభాషులు వినయవంతులు — వారు*
*క్రమశిక్షణలో కలకాలం అనుసరణీయులు*

ఈసారి నవ్వు సగంలో ఆగింది. ధర్మారావు మీసం మీద పెట్టిన చెయ్యి దించాడు. మూడో చరణంలో ఆడపడుచుగారి పరిశుభ్రతని కొనియాడారు. నాలుగోదానికి పందిట్లో వడ్డించేవాళ్ళ గరిటె చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. చివర్లో సదాశివమూర్తిగారొక్కరే తల పంకిస్తూ కూర్చున్నారు.

అచ్చియ్యమ్మ కలిపిన ముద్ద విస్తట్లోనే వదిలేసింది.

"మేం ఏం తప్పు చేసేం వదినా?" అని గంగాభవానిని అడిగింది. ఆవిడ గొంతు అంత మెల్లగా రావడం వాళ్ళ ఊరివాళ్ళు ఎప్పుడూ వినలేదు. "మా ఇంటికి కరెంటు బిల్లు ఇవ్వడానికొచ్చేవాడు కూడా ఇంత మర్యాదగా మాటాడడు. ముక్కూ మొహం తెలీనివాళ్ళని కదా ఇలా పొగుడుతారు. మీ పిల్లనైతే మాకిచ్చేరు గానీ, మమ్మల్ని మీలో కలుపుకోడానికి మీకు మనసొప్పలేదన్నమాట."

"అయ్యో, అదేం లేదు వదినా," అంది గంగాభవాని. సంస్థ అనీ, విధానం అనీ, అంగీకారం లభించలేదనీ పెళ్ళి బంతిలో నిలబడి ఎవరికి చెప్తుంది?

ఆడపడుచు అప్పటికే లేవడానికి సిద్ధంగా ఉంది. అచ్చియ్యమ్మ చెయ్యి విస్తరి అంచు మీదికి వెళ్ళింది. ఆ విస్తరి మడిచిందంటే బంతి మొత్తం లేచిపోతుంది. మూడుముళ్ళూ పడ్డాయి కనక పెళ్ళి ఆగదు. కానీ వీరవేణి కాపరం మొదలయ్యేది ఆ తినని విస్తళ్ళతోనే. ఏ పండక్కి ఆ ఇంట్లో నలుగురు చేరినా ఆ ముచ్చటే వస్తుంది, ఆ పిల్ల తలొంచుకుని వింటూ వడ్డిస్తుంది. లోవ అక్కవైపు చూసింది. పెళ్ళికొడుకు పక్కన కూర్చుని వీరవేణి కళ్ళెత్తకుండా పులిహోరలో జీడిపప్పు ఏరుతోంది. బెజవాడ సంగతి తను మర్చిపోలేదన్నట్టు, చెల్లెల్ని ఒక్క చూపుతోనైనా అడగలేదు. అడిగి ఉంటే లోవ ఒక్క క్షణం ఆలోచించేదేమో.

లోవ గంగాభవాని చేతిలో తాళాలు లాక్కుని గట్టిగా మోగించింది.

*వియ్యపురాలొచ్చింది ఏరు దాటి — దాని*
*నోరు ముందొచ్చింది పంటు దాటి*

విస్తరంచు మీద అచ్చియ్యమ్మ చెయ్యి ఆగింది.

*ముక్కున బేసరి బండి చక్రమంత — అది*
*మోసేటి ముక్కుకి కూలి ఎంతంట*

"విన్నారా, ఎంత మాటందో," అంది అచ్చియ్యమ్మ. మొహం కోపంగా పెట్టాలని చూసింది గానీ అది ఆవిడ మాట వినలేదు. పక్కావిడకి కనపడేలా బేసరి సవరించుకుని, వదిలేసిన ముద్ద అందుకుంది. "ఏం చూస్తా నిలబడ్డారు? గారెలెయ్యండి."

*వియ్యంకుడి మీసాలు మిడత కాళ్ళు — వాటికి*
*నూనె రాయటానికే నలుగురాళ్ళు*

ధర్మారావు మీసం మళ్ళీ పైకి లేచింది. ఆడపడుచుని, నెత్తిన పూల బరువుకి మెడ పొట్టిదైపోయిందని పాడితే, ఆవిడ తిడుతూ కూర్చుని పెరుగు వేయించుకుంది. ఆ తరవాత లోవకి పగ్గాల్లేవు. పెళ్ళికొడుకు మేనమామ, మేనత్తలు, పంటు ఆలస్యం చేసిన బావగారు, ఫొటోలో పడ్డం కోసం మూడుసార్లు చీర మార్చిన తోడికోడలు, ఎవరినీ వదల్లేదు. ప్రతి చరణానికీ ఒక మనిషి నవ్వలేక చచ్చిపోయేవాడు, పక్కవాడు అతని వీపు చరిచేవాడు. అక్క మొహం చూడాలని లోవ అటు తిరిగితే, వీరవేణి తలెత్తి పళ్ళన్నీ కనపడేలా నవ్వుతోంది. అత్తగారు ఆ నవ్వు చూసి, "మీ చెల్లెల్ని కూడా తెచ్చేసుకుందాం, మనింట్లో పోట్లాటకి పనికొస్తది," అంది.

ఇదంతా సదాశివమూర్తిగారు వరస చివర్నుంచి చూస్తూనే ఉన్నారు. విధానం తన కళ్ళెదుటే ముక్కలైపోయింది. ఆపవలసిన బాధ్యత ఆయనదే. ఆపుదామని ఒకసారి చెయ్యెత్తితే, ఇంకా కావాలనుకుని ఆయన విస్తట్లో రెండు గారెలు వేశారు. ఆ తరవాత చెయ్యెత్తలేదు.

బంతి చివరికొచ్చింది. పాయసం వడ్డించారు. వరసలో ఉన్న ప్రతివాళ్ళ మీదా చరణం పడింది. లోవ ఆయన ముందునుంచి నడుచుకుంటూ వెళ్ళిపోయింది. ఆయన పాయసం చుట్టూ వేలు తిప్పుతూ ఉండిపోయారు. కాసేపటికి గొంతు సవరించుకున్నారు.

"నా విషయమై ఏదైనా ప్రతిపాదన ఉన్నదా?"

లోవకి అర్థం కాలేదు. "ఏటండీ?"

"అనగా… వరసలోని అందరి మీదా అయినది. నా వరకు వచ్చేసరికి… ఒక చరణమైనా."

"మీరు మాకేమవుతారండి, బాబుగారూ?" అంది లోవ. ఆ పిల్ల దెప్పిపొడవాలని అన్లేదు, ఉన్నమాటే అంది. "తిట్టాలంటే ఏదో ఒక వరసుండాలి కదండి."

ఆయన తలొంచుకుని విస్తట్లోకి చూశారు. ఇన్ని ఊళ్ళలో జానపదాన్ని పర్యవేక్షించినా ఒక్క బంతిలోనూ ఆయన పేరు ఎవరూ పలకలేదు. నవ్వులు తగ్గి, పందిట్లో నలుగురూ ఇటు చూడ్డం మొదలెట్టారు. అచ్చియ్యమ్మకి జాలేసింది.

"పోనీలేవే, మా పంటులోనే కదా వచ్చేరు. మా ఆయనకి తమ్ముడనుకో. మా వైపు లెక్కేసి కానియ్యి," అంది.

వరస కుదిరింది. లోవ ఆయన్ని పైనుంచి కిందిదాకా ఒకసారి చూసింది.

*ఏరు దాటొచ్చిన ఆఫీసరయ్యా — మా*
*గారెలో చిల్లుకీ రూలుందా అయ్యా*
*నవ్వొస్తే పైవాళ్ళ నడగాలంట — ఆ*
*కబురొచ్చేలోగా బంతి లేచెనంట*

సదాశివమూర్తిగారికి పాయసం పొలమారింది. దగ్గుతూ, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ ఆయన నవ్వారు. పక్కనున్న ధర్మారావు నెత్తి మీద తట్టి, "నిదానం తమ్ముడూ," అన్నాడు. జీవితంలో మొదటిసారి ఆయన చొక్కా నలిగింది, దాని మీద పాయసం కూడా పడింది.

నవ్వినంత మాత్రాన ఆయన అబద్ధం రాసే మనిషి కాదు. జరిగింది జరిగినట్టు రాసి పంపారు. వియ్యపురాలి నోరు ఏరు దాటిన సంగతి, ముక్కు కూలి సంగతి, విధి నిర్వహణలో ఉన్న ప్రాంతీయ పర్యవేక్షకులపై గారె చిల్లు విషయమై చేసిన వ్యాఖ్య, అన్నీ రాశారు. చివర్లో బంతి సంతృప్తికరంగా ముగిసినది అని కూడా రాశారట. సంచాలకులు ఆ వాక్యం కింద ఎర్రగీత గీసి వివరణ అడిగారని తరవాత తెలిసింది.

సంఘం గుర్తింపు రద్దయింది. లోవ పేరు ఉత్సవం నుంచి తీసేశారు. అక్క కోసం చేసిన పనికి లోవ ఏమాత్రం బాధపడలేదు గానీ, ఆ కబురు తెలిసిన రోజు మాత్రం వెక్కివెక్కి ఏడ్చింది. ఉత్సవం రోజున పంటు దరిదాపులకి వెళ్ళలేదు. ఆ రోజు బెజవాడ వేదిక మీద వియ్యపురాలి స్థానంలో ఒక కుర్చీ వేసి, యువ గాయనీమణులందరూ ఆ కుర్చీని పొగిడారని, కుర్చీ వైపు నుంచి ఏ అభ్యంతరమూ రాలేదని విన్నవాళ్ళు చెప్పారు.

ఉత్సవమైన పదిరోజులకి సదాశివమూర్తిగారు రద్దు ఉత్తర్వు పట్టుకుని స్వయంగా వచ్చారు. అరుగు మీద ఎప్పటిలాగే ఆడవాళ్ళు చేరారు. లోవ ఆయన్ని చూసి మొహం అటు తిప్పుకుంది. ఆయన నిలబడి ఉత్తర్వు మొదటినుంచి చివరిదాకా చదివారు. గౌరవ భంగం, విధాన ఉల్లంఘన, పునరావృత ఎగతాళి వంటి మాటలు అందులో చాలా వచ్చాయి. చదవడం అయ్యాక బ్యానరు అప్పగించాలన్నారు.

"దాని మీద వడియాలు పెట్టేనండి. ఎండాక తీసుకెళ్దురు," అంది గంగాభవాని.

ఆయన దానికి సరేనన్నారు. పని అయిపోయింది. అయినా కదల్లేదు. రేవులో పంటు కూత వినపడింది, మళ్ళీ రెండోసారి కూడా వినపడింది. ఆయన ఉత్తర్వు మడిచి, విప్పి, మళ్ళీ మడిచి, లోవ వైపు రెండడుగులు వేశారు.

"ఆ రోజు నాపై పాడిన చరణం ఉన్నది కదా. ఇంటివద్ద మా ఆవిడకి వినిపించబోగా, మొదటి రెండు పాదాలు వచ్చినవి. ఆ తరవాతవి… గుర్తు రాలేదు. ఒక్కసారి పాడగలవా అమ్మా?"

అరుగు మీద ఎవరూ నవ్వలేదు. తన పేరు కొట్టేయించిన మనిషి తన పాట కోసం ఏరు దాటి వచ్చి నిలబడ్డాడు. లోవకి ఆయన మీద ఇంకా కోపంగానే ఉంది. ఆ కోపంతోనే ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసింది. తరవాత లేచి, చెంగు దోపుకుని లోపలికి నడుస్తూ అంది.

"ఉత్తినే నిలబడ్డవాళ్ళని తిట్టరండి మా వైపు. కాళ్ళు కడుక్కుని కూర్చోండి మావయ్యగారూ, విస్తరేస్తాను."